పొలంబడి పద్ధతిలో బడితోట

మృగశిర కార్తె ప్రవేశించిన నాలుగైదు రోజులకు, సాధారణంగా జూన్ 12 ప్రాంతంలో, తెలుగు రాష్ట్రాల్లో పాఠశాలలు తెరుచుకుంటాయి. రైతు విత్తనం సిద్ధం చేసుకునే కాలం, పిల్లవాడు కొత్త పుస్తకం తెరిచే కాలం ఒకటే కావడం బడితోటకు కలిసివచ్చే అంశం. అయినప్పటికీ ఉత్సాహంగా మొదలైన తోటలు సంక్రాంతి నాటికి కలుపుతో నిండిపోవడం, వేసవి సెలవులు ముగిసేసరికి ఎండిపోవడం తరచుగా కనిపించే దృశ్యమే. నీటి కొరత, కంచె లేకపోవడం ఇందుకు కొంతవరకు కారణాలు. అంతకన్నా బలమైన కారణం మరొకటి ఉంది. ఆ తోటల్లో పిల్లలకు పని ఉంటుంది గాని ప్రశ్న ఉండదు.

పర్యావరణాన్ని పాఠశాలల్లో తప్పనిసరిగా బోధించాలని సుప్రీంకోర్టు 1991లో ఆదేశించింది. మధ్యాహ్న భోజనం అమలయ్యే పాఠశాలల్లో పోషక తోటల పెంపకానికి కేంద్ర ప్రభుత్వం 2019లో మార్గదర్శకాలు విడుదల చేసింది. వీటన్నిటికీ ముందే, 1937లో వార్ధా విద్యా సదస్సులో గాంధీజీ చేతిపని కేంద్రంగా సాగే చదువును ప్రతిపాదించారు. ఆలోచన పాతదే. దానిపై తల్లిదండ్రుల అభ్యంతరమూ పాతదే: "మా బిడ్డ పార పట్టకూడదనే కదా బడికి పంపుతున్నాం!" కూలి చేసి పిల్లలను చదివించే కుటుంబం నుంచి వచ్చే ఈ మాటను తేలికగా కొట్టివేయరాదు. కొందరు పిల్లలకే కలుపుతీత అప్పగించడం, ఆలస్యంగా వచ్చినవారికి శిక్షగా నీళ్లు మోయించడం జరిగే చోట ఆ అభ్యంతరం నూటికి నూరుపాళ్లు న్యాయమైనది. తరగతిలో అందరూ వంతులవారీగా, ఏదో ఒక విషయం తేల్చుకోవడానికి చేసే పని మాత్రమే పాఠం అవుతుంది.

ఇటువంటి బోధనకు వ్యవసాయ విస్తరణలోనే పరీక్షకు నిలిచిన పద్ధతి ఉంది. వరిలో సుడిదోమ ఉధృతిని, విచక్షణ లేని పురుగుమందుల వాడకాన్ని ఎదుర్కొనేందుకు ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 1989లో ఇండోనేషియాలో మొదలైన రైతు క్షేత్ర పాఠశాలలే మన ప్రాంతంలో పొలంబడులుగా పరిచితమయ్యాయి. రైతులు వారానికొకసారి పొలంలోకి దిగి, మొక్కలను పరిశీలించి, చూసినదాన్ని పెద్ద కాగితంపై బొమ్మగా వేస్తారు. మధ్యలో మొక్క, ఒకవైపు హాని చేసే పురుగులు, మరోవైపు వాటిని తినే మిత్రపురుగులు, వాతావరణ వివరాలు ఉంటాయి. ఆపైన చర్చించి నిర్ణయం తీసుకుంటారు. ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు పిల్లలకు ఈ పద్ధతి దాదాపు యథాతథంగా సరిపోతుంది. బొమ్మ వేయడంలో పెద్దలకుండే బిడియం కూడా వారికి ఉండదు.

మట్టి, నీరు

తొలి వారం విత్తనం జోలికి పోనవసరం లేదు. పారదర్శకమైన సీసాలో మూడోవంతు మట్టి వేసి, నీరు నింపి, చిటికెడు సబ్బుపొడి కలిపి బాగా కుదిపి కదలకుండా ఉంచాలి. ఒక నిమిషంలో ఇసుక అడుగుకు చేరుతుంది. రెండు మూడు గంటల్లో ఒండ్రు పేరుకుంటుంది. బంకమట్టి తేరడానికి ఒక రోజు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. పొరల మందాన్ని స్కేలుతో కొలిస్తే ఆ నేల స్వభావం పిల్లల లెక్కల్లోనే తేలుతుంది. పాఠశాల ఆవరణలోని మట్టిని, పక్క పొలంలోని మట్టిని ఒకేసారి పరీక్షిస్తే తేడా మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

తరువాత రెండు మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు గల మడులను జతలుగా వేసుకోవాలి. ప్రతి జతలో ఒకదానికి ఎండుటాకులు లేదా వరిగడ్డి మల్చింగుగా పరచి, రెండోదాన్ని ఖాళీగా వదలాలి. రెండింటిలోనూ ఒకే రోజు తోటకూర వేయాలి. రోజూ ఉదయం వేలిని రెండు కణుపుల లోతున మట్టిలో గుచ్చి, తడి లేనప్పుడే నీరు పోయాలి. పోసిన ప్రతి బకెట్టునూ పుస్తకంలో రాయాలి. పది లీటర్ల బకెట్టు ఈ మడిలో 5 మిల్లీమీటర్ల వర్షంతో సమానం. ఎందుకంటే ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన కురిస్తే అది ఒక లీటరు. నిలువు గోడలున్న డబ్బాను ఆరుబయట ఉంచి రాత్రి కురిసిన వాన 20 మిల్లీమీటర్లని కొలిచిన పిల్లలు, తమ మడికి నాలుగు బకెట్ల నీరు ఉచితంగా వచ్చిందని తామే లెక్క కడతారు. 25 నుంచి 30 రోజులకు తోటకూర కోతకు వస్తుంది. మల్చింగు వేసిన మడికి ఎన్ని బకెట్లు తగ్గాయో, ఆకు ఎంత తూగిందో అప్పటికి వారి పుస్తకంలోనే ఉంటుంది. నీటి పొదుపుపై వ్యాసం రాయించడం కన్నా ఈ రెండు అంకెలు చాలా ఎక్కువ నేర్పుతాయి.

రెండు పెంకుపురుగులు

వంగ మడి తప్పనిసరిగా ఉండాలి, కూర కోసం మాత్రమే కాదు. వంగ ఆకులపై పచ్చదనాన్ని గీకి తిని, ఆకును జల్లెడలా మార్చే ఎపిలాక్నా పెంకుపురుగునూ, పేనుబంకను తినే మిత్రపురుగునూ మన గ్రామాల్లో అక్షింతల పురుగు అనే ఒకే పేరుతో పిలవడం కద్దు. రెండూ గుండ్రంగా, చుక్కలతో ఉంటాయి. మొదటిదాని వీపు సన్నని నూగుతో కాంతిహీనంగా ఉంటుంది, చుక్కలు ఎక్కువ. రెండోది నున్నగా మెరుస్తుంది. పుస్తకంలో ఈ భేదం ఒక వాక్యం. ఒక్కొక్కదాన్ని వేర్వేరు గాజుసీసాల్లో ఉంచి, రెండింటికీ పేనుబంక ఉన్న లేత వంగ ఆకు వేసి మర్నాడు చూసిన పిల్లలు మాత్రం కనబడిన ప్రతి పురుగునూ నలపడం మానేస్తారు. ఆకు తినే పురుగు ఎక్కువైతే గుడ్ల సముదాయాలను, పిల్ల పురుగులను చేతితో ఏరించాలి. అవసరమైతే 50 గ్రాముల వేపగింజల పొడిని లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కొద్దిగా సబ్బు కలిపి పిచికారీ చేయాలి. బడితోటలోకి రసాయన పురుగుమందు రానీయరాదు. ఇందులో మినహాయింపు లేదు.

జీవామృతం తయారీ గణిత పాఠానికి చక్కగా ఉపయోగపడుతుంది. ఎకరానికి 200 లీటర్ల నీటిలో 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుపిండి, గుప్పెడు మట్టి కలుపుతారు. ఒక సెంటు తోటకు ఎంత? పేడ 100 గ్రాములు, బెల్లం 20 గ్రాములు అని ఆరో తరగతి పిల్లలు తేల్చగలరు. పని ముగియగానే సబ్బుతో చేతులు కడిగించాలి. దిగుబడిపై జీవామృతం ప్రభావం గురించి శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు. ఈ సంగతిని పిల్లల వద్ద దాచనవసరమూ లేదు. ఒకే మోతాదు కంపోస్టు వేసిన మడుల్లో కొన్నింటికి జీవామృతం, కొన్నింటికి వట్టి నీరు పోసి చూడమనవచ్చు. ఒక్క జత మడులతో ఏదీ రుజువు కాదని, నీడ, నేల తేడాలు ఫలితాన్ని తారుమారు చేస్తాయని అప్పుడే చెప్పాలి. నాలుగు జతలు తీసుకుని, దేనికి ఏది పోయాలో నాణెం ఎగరేసి నిర్ణయిస్తే పరిశోధనా క్షేత్రంలోని మౌలిక సూత్రం ఒకటి వారికి అందినట్లే.

మడి విఫలమైతే ఉపాధ్యాయుడు సాయంత్రం గుట్టుగా నర్సరీ మొక్కలు నాటడం మంచి ఉద్దేశంతో జరిగే పెద్ద పొరపాటు. మొలక రాకపోవడానికి విత్తనం పాతదా, లోతు ఎక్కువైందా, చీమలు తీసుకుపోయాయా అని వెతకడమే ఆ వారపు పాఠం.

సెలవులు, విత్తనం

ఏప్రిల్ చివరి వారానికి ఆకుకూరలు, బెండ, గోరుచిక్కుడు ముగిసేలా ప్రణాళిక వేసుకోవాలి. వేసవికి మునగ, కరివేపాకు వంటి గట్టి మొక్కలను మాత్రమే మిగల్చాలి. వాటి పక్కన కాల్చిన మట్టికుండను మూతివరకు పాతి నీరు నింపితే, గోడల గుండా నీరు నెమ్మదిగా వేళ్లకు చేరుతుంది. కుండను రెండు మూడు రోజులకొకసారి నింపితే చాలు గనుక, ఊళ్లో ఉండే ఇద్దరు ముగ్గురు పిల్లల కుటుంబాలు ఈ బాధ్యత తీసుకోవచ్చు. ఖాళీ మడులను గడ్డితో కప్పి వదలాలి.

అంతకుముందే దేశవాళీ బెండ, గోంగూర మడుల్లో బలమైన మొక్కలు కొన్నింటిని కోయకుండా విత్తనానికి విడవాలి. ఎండిన గింజలను నీడలో ఆరబెట్టి, బూడిద కలిపి, మూత బిగువుగా ఉన్న డబ్బాలో భద్రపరచాలి. డబ్బాపై పంట పేరు, కోసిన తేదీ, ఏ తరగతి పండించిందో రాయాలి. జూన్‌లో ఆ డబ్బాను తెరిచేది కొత్తగా వచ్చిన తరగతి. వారు ఇరవై గింజలను తడి గోనెగుడ్డలో చుట్టి, వారం తరువాత విప్పి, ఎన్ని మొలిచాయో లెక్కించి, ఆ శాతాన్ని పై తరగతివారికి తెలియజేస్తారు.