కంచం తీసుకుని పిల్లల పంక్తిలో కూర్చో

దొర్నిపాడు

చిన్నమ్మీ,

నీ జాబు అందింది. మీ జేజి కళ్లద్దాలు దొరక్క నా చేత చదివించుకునింది. ఎనిమిదో తరగతి పిల్లోడొకడు వారంగా బడికి రావడం లేదనీ, అన్నం లైనులో పెద్దపిల్లోళ్లు వాని గుడ్డు గుంజుకుంటుంటే పక్కనోళ్లు నవ్వుతుండినారనీ, నీకు తెలిసిన రోజు ఆ ఇద్దరి చేత బడంతా చూస్తుండగా గోడకుర్చీ వేయించినాననీ రాసినావు. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు, అప్పుడే ఇంత బరువు నీ మీద పడిందే అని మనసు కలుక్కుమనింది. అయినా తల్లీ, చెప్పాల్సింది చెప్పక తప్పదు.

గోడకుర్చీ ఇంకెప్పుడూ వేయించొద్దు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మనసును గాయపెట్టడాన్నీ రెండింటినీ నిషేధించింది. చట్టం సంగతి అట్లుంచు. పదిమంది ముందర తలవంపులైనోడు ఆ కసి టీచరు మీద తీర్చుకోలేడు, తనకంటే చిన్నోణ్ణి వెతుక్కుంటాడు. వాళ్లిద్దరినీ విడివిడిగా పిలిచి మాట్లాడు. పొద్దున ఏం తిని వచ్చినారో అడుగు. గుంజుకునే చెయ్యి ఒక్కోసారి ఆకలిగొన్న చెయ్యి కూడా అయి ఉంటుంది.

ఇంక అసలు మాటకొస్తా. మధ్యాహ్నం నువ్వు ఎక్కడ తింటున్నావు? జాబంతా వెతికినా ఆ ముక్క లేదు. స్టాఫ్‌రూములో తలుపు దగ్గరికేసుకుని క్యారియర్ విప్పుతున్నావేమో. పాఠం జరిగేటప్పుడు పిల్లోళ్లు ఒకర్నొకరు ఏడిపించుకునేది తక్కువ. కొళాయి కాడ, మరుగుదొడ్ల వెనక, అన్నం లైనులో, పెద్దోళ్లు లేని చోట్లనే ఇదంతా. 2003లో మన రాష్ట్రంలో మధ్యాహ్న భోజనం మొదలైనప్పుడు నేనింకా సర్వీసులోనే ఉన్నా. అప్పటినుంచీ ఒకటే మాట చెబుతా ఉండా: బడి ఎట్లాంటిదో తెలియాలంటే టెన్త్ రిజల్టు కాదు, అన్నం పంక్తి చూడాల. ఎవడు గోడవైపు తిరిగి ఒక్కడే తింటున్నాడు, ఎవడు రోజూ చివర మిగిలిపోతున్నాడు, ఎవరిని కులం చూసి పక్కకు జరగమంటున్నారు, ఎవని కంచంలో గుడ్డు లేదు, అన్నీ అక్కడే బయటపడతాయి. వారానికి ఐదు గుడ్లు ఇస్తే చాలదు, అవి ఎవని కడుపులోకి పోతున్నాయో చూసే కన్ను కావాల. ఆ పథకానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ పేరు పెట్టినారు. గోదావరి లంకల్లో ఏ వేళ ఎవరొచ్చినా కాదనకుండా అన్నం పెట్టిన తల్లి ఆమె. ఆమె పేరు మీద వండిన అన్నం ఒక పిల్లోడు బెదురుతా తినడం తగునా?

నేను హాస్టల్లో చదివిన రోజులు చెబుతా. వానాకాలం నల్లరేగడి కాళ్లకు పట్టుకుంటే చెప్పులు చేతబట్టుకుని కేసీ కాలువ గట్టు మీద నడిచేవాళ్లం. ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి పెద్ద క్లాసోళ్లు ట్రంకుపెట్టె తీయించి మరీ తినేసేవాళ్లు. మా తెలుగయ్యవారు వాళ్లను ఒక్క మాట అనలేదు. తన కంచం తెచ్చుకుని మా నడుమ కూర్చోవడం మొదలుపెట్టినాడు. ఎవరింట్లో ఆవు ఈనింది, ఎవరి చేను ఎండిందని అడిగేవాడు. పెద్ద క్లాసోళ్లకు వడ్డన పని ఒప్పజెప్పినాడు. కొన్నాళ్లకు అందరి రొట్టెలూ ఒకే గంపలోకి చేరినాయి.



ఆ నవ్వినోళ్ల సంగతి కూడా మరవొద్దు. ఫిన్లాండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయం వాళ్లు బడుల కోసం కివా అనే పద్ధతి తయారుచేసినారు. అది పనిచేసేది ఎక్కువగా చూస్తూ నిలబడే పిల్లల మీదనే. నవ్వేవాళ్లు లేకుంటే ఏడిపించేవానికి గొప్ప దక్కదు. ఇంక చట్టాల సంగతికొస్తే, మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. ఫిర్యాదు వచ్చినా పట్టించుకోని విద్యాసంస్థ పెద్దను కూడా అది నేరంలో భాగస్తుణ్ణిగా చూస్తుంది. అయినా 2015లో నాగార్జున విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ చదివే ఆడపిల్ల హాస్టల్లో ప్రాణం తీసుకునింది. పద్దెనిమిదేళ్ల చట్టం పుస్తకంలో ఉండిపోయింది. చట్టం చెయ్యలేని పని పక్కన కూర్చున్న మనిషి చెయ్యగలడు.

రేపు సాయంత్రం ఆ పిల్లోని ఇంటికి పో. ఎందుకు రాలేదని గద్దించొద్దు, వాళ్లమ్మతో కూర్చుని నిమ్మళంగా మాట్లాడు. బడికొచ్చినాక ఆ ఇద్దరితో బలవంతాన చేతులు కలిపించొద్దు, భయం పోకముందే రాజీ చేయిస్తే చిన్నోడు నోరు మూసుకుంటాడు. వానితో స్నేహంగా ఉండే పిల్లోణ్ణి ఒకణ్ణి పక్కన కూర్చోబెట్టు. దెబ్బలూ బెదిరింపులూ దాకా పోతే హెడ్మాస్టరుకు రాతపూర్వకంగా ఇవ్వు, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద పెద్దక్షరాలతో రాయించు.

నువ్వు మంచి టీచరువు అవుతావు, నాకు అనుమానం లేదు. పిల్లోని కోసం నిద్ర మాని జాబు రాసినావు, అదే చాలు. ఇంక ఆలస్యం చేయకు. రేపు మధ్యాహ్నం గంట కొట్టంగానే స్టాఫ్‌రూము వదిలి, కంచం తీసుకుని పిల్లల పంక్తిలో కూర్చో. రోజూ కూర్చో.

ఇట్లు,
మీ జేజినాయన