బొగ్గు ఫిల్టరు కొనే ముందు: నీటిశుద్ధి ఖర్చు లెక్కవేయడం ఎలా?



కొన్నేళ్ల క్రితం ఉట్నూర్ ప్రాంతంలో ఒక సంఘం లెక్కల తనిఖీకి వెళ్లాను. పాలగది పక్కన నీలిరంగు ఫిల్టరు ట్యాంకు నిలబడి ఉంది. దాని వాల్వుకు సాలెగూడు పట్టింది. ఎందుకు ఆగిందని సెక్రటరీని అడిగాను. "లోపలి బొగ్గు పనిజేస్తలేదు సార్. కొత్తది కొనాలంటే బడ్జెట్ల పైసల్లేవు" అన్నాడు. ఆ ట్యాంకు కొన్నప్పుడు అంచనా కాగితాన్ని పరిశీలించి, బాగుందని రాసినవాణ్ణి నేనే. ట్యాంకు ధర చూశాను గాని, ఏటేటా ఎంతవుతుందని అడగలేదు. ఆ తప్పు వల్ల సభ్యుల బోనస్ సొమ్ము తుప్పు పట్టింది. అది మీకు జరగకూడదనే ఈ పాఠం.

1. ఈ బొగ్గు ఏమి చేస్తుంది?

కొబ్బరి చిప్పలు, కట్టె లేదా గని బొగ్గును 800 డిగ్రీలకు పైబడిన వేడిలో ఆవిరితో కాల్చితే లెక్కలేనన్ని సన్నని రంధ్రాలు ఏర్పడతాయి. దీనినే యాక్టివేటెడ్ కార్బన్ అంటారు. మంచి రకంలో ఒక గ్రాము లోపలి ఉపరితలం సుమారు వెయ్యి చదరపు మీటర్లుంటుంది. అంటే నాలుగు గ్రాముల బొగ్గులో ఒక ఎకరం! నీటిలోని దుర్వాసన, రంగు, క్లోరిన్, కొన్ని సేంద్రియ మలినాలు ఈ రంధ్రాల గోడలకు అంటుకుంటాయి. అడవి కట్టె కాల్చిన పొయ్యి బొగ్గుకు ఈ శక్తి రాదు. దానిని ట్యాంకులో పోస్తే పని జరగదు.

2. ఏమి చేయదు?

ఉప్పదనం, కాఠిన్యం, ఫ్లోరైడు దీనితో పోవు. క్యాన్లకు తెల్లని పొర పట్టడానికి కారణం సాధారణంగా కఠినజలమే. ఫ్లోరైడుకు యాక్టివేటెడ్ అల్యూమినా అనే వేరే పదార్థం ఉంది. పటిక, సున్నం వాడే నల్గొండ పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించింది. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకటి కొనబోయి మరొకటి కొనవద్దు.

బొగ్గు సూక్ష్మజీవులను చంపదు. పైగా క్లోరిన్‌ను తీసివేస్తుంది కనుక, ఆ తరువాత నిలువచేసిన నీటిలో అవి పెరగవచ్చు. క్లోరిన్ కలిసిన కుళాయి నీరు వాసన లేకుండా వస్తున్నచోట, క్యాన్లు కడగడానికి ఈ ఫిల్టరు అవసరమే లేదు. కనుక ముందు నీటి పరీక్ష, తరువాతే కొటేషన్.

3. ఖర్చు లెక్క

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1979లో నీటిశుద్ధి ఖర్చుల అంచనాపై సంపుటాలు వెలువరించింది. అందులో నిర్మాణ వ్యయం వేరు, నిర్వహణ వ్యయం వేరుగా చూపారు. పెద్ద నగరానికైనా మన సంఘానికైనా పద్ధతి అదే. రెండింటినీ సంవత్సరానికి మార్చి, శుద్ధి చేసిన నీటితో భాగించాలి.

రోజుకు 1,000 లీటర్ల పాలు, 2,000 లీటర్ల నీరు వాడే కేంద్రాన్ని తీసుకుందాం. పంపు గంటకు 1,000 లీటర్లు ఇస్తుంది. నీరు బొగ్గు గుండా 10 నిమిషాలు నడవాలంటే సుమారు 167 లీటర్ల బొగ్గు, అంటే దాదాపు 85 కిలోలు కావాలి. కింది ధరలు లెక్క నేర్చుకోవడానికి వేసినవి. మీ కొటేషన్ అంకెలు వేసుకోండి.

ట్యాంకు, ఇసుక ఫిల్టరు, పైపుల బిగింపు: రూ. 60,000. ఆయుష్షు 10 ఏళ్లు.

ఏడాది ఖర్చు:
తరుగుదల: రూ. 6,000
వడ్డీ (సగటున సగం పెట్టుబడిపై 10 శాతం): రూ. 3,000
బొగ్గు 85 కిలోలు, కిలో రూ. 120, మార్చే కూలి రూ. 800: రూ. 11,000
పంపు కరెంటు: రూ. 4,380
నీటి పరీక్షలు: రూ. 2,000
మరమ్మతులు: రూ. 1,800
రోజుకు పావుగంట మనిషి శ్రమ: రూ. 6,000
మొత్తం: రూ. 34,180

ఏడాదికి నీరు 7,30,000 లీటర్లు. ట్యాంకును వెనక్కి కడగడానికి 5 శాతం పోగా 6,93,500 లీటర్లు మిగులుతుంది. వెయ్యి లీటర్లకు రూ. 49 పడింది. లీటరు పాలపై చూస్తే 9 పైసలు దాటింది. బొగ్గును ఆరు నెలలకే మార్చవలసివస్తే రూ. 49 కాస్తా రూ. 65 అవుతుంది. ఎండాకాలం పాలు తగ్గి, నీరు సగమే వాడినా తరుగుదల, వడ్డీ తగ్గవు. అప్పుడు వెయ్యి లీటర్ల ఖర్చు ఇంకా పెరుగుతుంది.

ఉట్నూర్‌కు రైలు లేదు. సరుకు లారీలోనే రావాలి. వానాకాలంలో వాగులు పొంగితే అదీ ఆగుతుంది. కనుక రవాణా ఖర్చు కలపండి. మార్చవలసిన బొగ్గును వానలకు ముందే తెప్పించి, పొడిచోట ఉంచండి.

4. మురుగునీటి మాట

పాలగది మురుగు కంపు కొడుతోందని దానికీ బొగ్గు ఫిల్టరు పెట్టాలని కొందరు అంటారు. లెక్క చూద్దాం. నీటిలోని మలినాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ప్రాణవాయువును బి.ఓ.డి. అంటారు. కాలువలో పడిన ఒక లీటరు పాలకు ఇది సుమారు 100 గ్రాములు. వెయ్యి లీటర్లలో నూటికి ఒక లీటరు ఒలికినా రోజుకు 10 లీటర్లు, అంటే కిలో బి.ఓ.డి. కిలో బొగ్గు 200 గ్రాముల మలినం పట్టుకుంటుందని ఉదారంగా అనుకున్నా, రోజుకు 5 కిలోల బొగ్గు, రూ. 600 కావాలి. ఏడాదికి రూ. 2,19,000! నిజానికి పాల కొవ్వు రంధ్రాలను మూసివేస్తుంది, పాలలోని చక్కెర బొగ్గుకు సరిగా అంటదు. కనుక ఖర్చు ఇంతకు మించుతుంది.

ఆ 10 లీటర్ల పాలే, లీటరు రూ. 40 చొప్పున రోజుకు రూ. 400. కనుక మురుగును శుద్ధి చేయడానికి ముందు పాలు మురుగులో పడకుండా ఆపాలి. క్యాన్లను స్టాండుపై బోర్లించి చివరి చుక్క వరకు దింపండి. సోడా కలవని మొదటి కడుగునీటిని అదే పూట దూడల కుడితిలో వాడండి. మిగిలినది కొవ్వు పట్టే తొట్టి గుండా పోనిచ్చి, పలుచన చేసి పశుగ్రాసం మడికి పారించండి. పెద్ద డెయిరీల మురుగులోనూ బి.ఓ.డి. లీటరుకు 100 మిల్లీగ్రాములు మించరాదని కేంద్ర ప్రమాణం ఉంది. అక్కడ సైతం ప్రధాన భారం సూక్ష్మజీవుల తొట్లదే. బొగ్గు వాడితే అది చివరి మెరుగుకు మాత్రమే.

5. తీర్మానంలో ఉండవలసినవి

నీటి పరీక్ష ఫలితం, ఏడాది నిర్వహణ ఖర్చు, బొగ్గు మార్పుకు విడిగా దాచే నిధి. ఈ మూడూ మినిట్స్ పుస్తకంలోకి ఎక్కకుండా కొనుగోలు తీర్మానం చేయవద్దు. నా వంటి తనిఖీ అధికారి బాగుందన్నా సరే, బొగ్గు ఖర్చు ఎక్కడ రాశారని అడగండి.

సర్వసభ్య సమావేశంలో చర్చించండి:
అ) మన నీటిలో ఉన్న దోషం బొగ్గుతో పోయేదేనా?
ఆ) మన కేంద్రంలో వెయ్యి లీటర్ల నీటికి ఎంత ఖర్చు పడుతుంది?
ఇ) రోజూ ఎన్ని లీటర్ల పాలు కాలువ పాలవుతున్నాయి? ఒక వారం కొలిచి రాయండి.