రోగి తోబుట్టువును గూర్చి

కడప

మనుమరాలికి,

తల్లీ, కర్నూలు వైద్యకళాశాలలో మనోవ్యాధుల విభాగమున చేరినది మొదలు, ఒకే యింట తరతరముల కనబడు ఉన్మాదమునకు మూలమైన జన్యువును నేరుగా పట్టుకొనరాదా యని నీవడుగుచున్నావు. 2014లో పలుదేశముల పరిశోధకులు కూడి 36,000 పైచిలుకు స్కిజోఫ్రీనియా రోగులను పరిశీలించి జన్యురాశిలో 108 స్థానములను గుర్తించిరి గాని, వానిలో ఒక్కొక్కదాని ప్రభావము అత్యల్పము. శనక్కాయ దిగుబడి తగ్గినప్పుడు వానయు, విత్తనమును, చీడయు కలిసి చేసిన పనిని బస్తాల లెక్కతో విడదీయలేము. వేరెంత లోతునకు దిగినదో కొలిచినచో విత్తనపు గుణము కొంత తెలియును. అట్లే జన్యువునకును జబ్బునకును నడుమ నుండి కొలతకు లొంగు మధ్యస్థ లక్షణమును వెదకుమని 1970ల తొలినాళ్లలో గాటెస్‌మన్, షీల్డ్స్ అను వారు సూచించిరి. అది వంశానుగతము కావలెను. జబ్బు నెమ్మదించినను నిలిచియుండవలెను. జబ్బు రాని తోబుట్టువులలో సైతము ఇతరులకంటె హెచ్చుగా కనబడవలెను.

మన సీమవారు బస్సెక్కి పోవు బెంగుళూరు మానసిక వైద్యసంస్థ నిమ్హాన్సులోనే బిజు విశ్వనాథ్, వై.సి. జనార్దన్ రెడ్డి ప్రభృతులు ఓసీడీ, అనగా వద్దన్నను అదే తలపు వచ్చి చేసిన పనినే మరల మరల చేయించు మనోవ్యాధి, గల కుటుంబములలోని ఆరోగ్యవంతులగు తోబుట్టువులను పరీక్షించి 2009లో ఫలితములు ప్రకటించిరి. ఆ పరీక్షలలో ఒకటి విను: ఎదుట నాలుగు పేకకట్ట లుండును; రెండింట లాభము పెద్దది, నష్టము అంతకన్న పెద్దది; తక్కిన రెండింట లాభము కొద్దిదైనను తుదకు మిగులును. సాధారణముగా మనిషి కొన్ని ముక్కలు తీసిన పిమ్మట చెడ్డకట్టలను విడుచును. చేతులు కడిగినవే కడుగు అలవాటు ఏమాత్రము లేని ఆ తోబుట్టువులు ఇట్టి నిర్ణయములందును, పట్టిన తీరును మార్చుకొనుటయందును ఇతరులకన్న వెనుకబడిరి. జబ్బు లేనిచోట దాని జాడను చూపిన యీ పని నాకు మిక్కిలి విలువైనదిగా తోచును.

అయినను ఈ దారి సులభమని తలపకుము. 2014లో అమెరికాలోని మిన్నెసోటా పరిశోధకులు కవలలను, వారి తలిదండ్రులను వేలకొలదిగా పరిశీలించి, మెదడు తరంగములు, కంటి కదలికలు మొదలగు లక్షణములకు సైతము అనేక జన్యువులు కలిసియే కారణమగునని చూపిరి.

నీవును ఇట్టి కుటుంబములను పరిశీలింపబూనినచో, మేనరికములు మెండైన మన పల్లెలలో వంశవృక్షము గీయునప్పుడు అట్టి పెండ్లికి జంటగీత గీయుట మరువకుము. రోగికి తోడుగా వచ్చిన చెల్లెలిని నలుగురిలో పరీక్షకు పిలువకుము. సంబంధములు చూచుచున్న పిల్లయైనచో ఆ మాట ఊరు చేరి పెండ్లి తప్పిపోవును. ఆమె ఒంటరిగా నున్నప్పుడు ఆమెనే అడుగుము. ఈ కొలతను బట్టి ఆమెకు జబ్బు వచ్చునని చెప్పుటకు వీలులేదని పరీక్షకు ముందే తెలుపుము. కాగితముపై పేరు వ్రాయక సంఖ్య వేయుము. సెలవులకు వచ్చునప్పుడు పేర్లు లేని ఆ వంశవృక్షములను తెమ్ము, కలిసి చూతము.

ఇట్లు,
నీ తాత