నదిలో చావు, సముద్రంలో మూలం

చిరంజీవి అమ్మలుకు,

2015 ఎండాకాలంలో అమెరికాలోని కొలంబియా నదిలో రెండున్నర లక్షల సాకై సాల్మన్లు చనిపోయాయని చదివి, "నీళ్లు వేడెక్కి చచ్చిపోయాయి, మధ్యలో పసిఫిక్ డోలనం ఎందుకు మామయ్యా?" అని అడిగావు.

ముందు చచ్చిన చేప మొప్ప మూత ఎత్తి చూడు. ఎర్రగా ఉండాల్సిన మొప్పల మీద పసుపు, గోధుమ మచ్చలు పడి అంచులు కుళ్లి ఉంటే కాలమ్నారిస్ తెగులేమోనని అనుమానించాలి. నీరు 20 డిగ్రీలు దాటితే ఆ తెగులు తెచ్చే బాక్టీరియాకు పండగే. నదిలోకి మళ్లిన సాల్మన్ ఇక మేత ముట్టదు. సముద్రంలో ఒంటికి పట్టించుకున్న కొవ్వే దాని దారిబత్తెం. వేడి నీటిలో అది తొందరగా కరిగిపోతుంది, పైగా ఆక్సిజన్ చాలదు.

మరి ఆ కొవ్వు ఎలా పట్టింది? ఉత్తర పసిఫిక్ అమెరికా తీరం వెంట కొన్నేళ్లు, ఒక్కోసారి దశాబ్దాలు, వెచ్చగానో చల్లగానో ఒక తీరున ఉండి తిరగబడుతుంది. దీనికి పసిఫిక్ దశాబ్ద డోలనం అని 1996లో పేరుపెట్టింది స్టీవెన్ హేర్, సాల్మన్ల మీద పనిచేసిన శాస్త్రవేత్త. చేపల లెక్కలు చూసేవాడు సముద్రపు నడక పట్టుకోవడం నాకు భలే ఇష్టం. 1977 ప్రాంతంలో వెచ్చని దశ మొదలయ్యాక అలాస్కాలో సాల్మన్లు విరివిగా పెరిగాయి, వాషింగ్టన్, ఒరెగాన్ వైపు తగ్గాయి.

వెచ్చని దశలో ఒరెగాన్ తీరానికి దక్షిణాది నుంచి కోపిపాడ్లనే చిన్న తేలాడే జీవులు వస్తాయి, వాటిలో కొవ్వు తక్కువ. చల్లని దశలో ఉత్తరాది నుంచి వచ్చేవి కొవ్వుతో బలిసి ఉంటాయి. వాటిని తిన్న క్రిల్‌నూ చిన్న చేపలనూ తినే సాల్మన్ పిల్లల బలం అక్కడే తేలిపోతుంది. త్వరగా ఎదగని పిల్ల పెద్ద చేపల నోట పడుతుంది, లేదంటే ఆ చలికాలం గట్టెక్కదు.

2015లో నది వేడికీ సముద్రంతో సంబంధముంది. తీరం వెంట పసిఫిక్ వేడెక్కి ఉంది, శీతాకాలం వెచ్చగా గడిచింది, కొండల మీద మంచు పేరుకోలేదు. నదిని చల్లబరిచే మంచునీరు కరువైంది.

అలాగని నేరమంతా డోలనం మీద తోసెయ్యకు. డోలనం వెనక్కి తిరుగుతుంది, భూతాపం తిరగడం లేదు. ఈ కాలంలో వెచ్చని దశ ఎప్పుడొచ్చినా అసలే వేడెక్కిన సముద్రం మీద వస్తుంది. ఆనకట్టల వెనక నిలిచిన నీరు ఆ వేడిని ఇంకా పెంచుతుంది.

మన పులసను మాత్రం ఈ డోలనానికి ముడిపెట్టకు. అది నైరుతి వరదను నమ్ముకుని గోదావరి ఎక్కే చేప. మన రుతుపవనాన్ని తరచు బలహీనపరిచేది ఎల్ నినో. నువ్వు యానాంలో పులస నమూనాలు తీసుకునేటప్పుడు పొడవు, బరువు, మొప్పల స్థితి, నీటి వేడి రాసుకో. పక్కనే ఆ ఏడాది గోదావరికి వరదతో ఎర్రనీరు వచ్చిన తేదీ కూడా రాయి.

మామయ్య