ల్యాప్‌టాప్‌కు వైరు పెట్టినా నెట్ రావట్లేదా? ముందు ఇవి చూసుకోండి

ఏపీ ఫైబర్‌నెట్ కనెక్షన్ ఉన్న కుటుంబాలకు సూచనలు

ఇంట్లో పిల్లల వెబ్ ఆప్షన్లకో, ఉద్యోగ దరఖాస్తుకో రేపే ఆఖరు తేదీ. ఫైబర్ బాక్సు నుంచి ల్యాప్‌టాప్‌కు వైరు పెట్టారు, నెట్ రాలేదు. కంగారు పడకండి. ఆపరేటర్‌కు ఫోన్ చేసే ముందు ఈ వరుసలో చూడండి.

1. బాక్సు లైట్లు: పవర్, పాన్ లైట్లు నిలకడగా వెలగాలి. ఎల్ఓఎస్ దగ్గర ఎర్ర లైటు కనిపిస్తే బయటి నుంచే సిగ్నల్ రావట్లేదని అర్థం. మీ ల్యాప్‌టాప్‌తో పని లేదు, ఆపరేటర్‌కు చెప్పండి. ఫైబర్ వైరును మీరు ఊడదీయొద్దు, దాని కొనలోకి తొంగి చూడొద్దు. అందులోని లేజర్ కాంతి కనిపించదు గానీ కంటికి హాని చేయగలదు.

2. లాన్ వైరు: రెండు వైపులా తీసి, 'టక్' మనేదాకా మళ్లీ పెట్టండి. బాక్సుపై లాన్ లైటు వెలగాలి. వెలగకపోతే పక్క పోర్టులో పెట్టి చూడండి. క్లిప్పు విరిగినా, ఎలుక కొరికినా వైరు మార్చాల్సిందే.

3. బాక్సు రీస్టార్ట్: స్విచ్ ఆపి, 30 సెకన్లు ఆగి వేయండి. లైట్లు కుదురుకునేదాకా రెండు మూడు నిమిషాలు ఆగండి. సూదితో నొక్కే రీసెట్ బటన్ జోలికి మాత్రం వెళ్లొద్దు. సెట్టింగ్‌లు చెరిగిపోతే ఆపరేటర్ వచ్చేదాకా నెట్ ఉండకపోవచ్చు.

4. ల్యాప్‌టాప్: విండోస్ 11 అయితే సెట్టింగ్స్‌లో 'నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్', అందులో 'ఈథర్‌నెట్' తెరవండి. 'ఐపీ అసైన్‌మెంట్' ఎదురుగా 'ఆటోమేటిక్' ఉండాలి. 'మాన్యువల్' ఉంటే మార్చి సేవ్ చేయండి. కిందనే ఐపీవీ4 అంకెలు ఉంటాయి. అవి 169.254తో మొదలైతే బాక్సు నుంచి ల్యాప్‌టాప్‌కు చిరునామా అందలేదన్నమాట. 2, 3 మళ్లీ చేయండి. 192.168తో మొదలైతే వైరు బాగానే ఉన్నట్టు. అప్పుడు ప్యాకేజీ గడువు, ల్యాప్‌టాప్‌లో తేదీ, సమయం చూసుకోండి. తేదీ తప్పుగా ఉన్నా చాలా సైట్లు తెరుచుకోవు.

5. ఫోన్‌తో పరీక్ష: ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి, అదే బాక్సు వైఫైకి కలపండి. ఫోన్‌లో వస్తే లోపం వైరులోనో, ల్యాప్‌టాప్‌లోనో ఉంది. అక్కడా రాకపోతే బాక్సు, ప్యాకేజీ లేదా లైను సమస్య.

గడువు ముంచుకొస్తే: ఫోన్‌ను ఛార్జింగ్ వైరుతో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చేయండి. మొబైల్ డేటాతో ముందు దరఖాస్తు పంపేయండి. రిపేరు సంగతి తర్వాత.

ఆపరేటర్‌తో 'నెట్ రావట్లేదు' అని ఊరుకోకుండా, ఏ లైటు ఏ రంగులో ఉందో, ఐపీవీ4 అంకెలు ఏమిటో చెప్పండి. ఏం పట్టుకుని రావాలో ఆయనకు తెలుస్తుంది.

గమనిక: నెట్ బాగుచేయడానికి మీ బ్యాంకు ఓటీపీ, ఏటీఎం పిన్ అవసరం లేదు. ఎవరడిగినా చెప్పొద్దు.