పని పోతే బీమా డబ్బు: ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు

"నెలకు ఐదు దిర్హాములు కడుతున్నాం కదా, పని పోతే డబ్బులొస్తాయా?" యూఏఈలో మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. అందరికీ రావు.

ఈ ఉద్యోగ నష్ట బీమా 2023 జనవరి 1న మొదలైంది. బేసిక్ జీతం 16,000 దిర్హాముల లోపు ఉన్నవాళ్లు నెలకు 5 దిర్హాములు, పైన వ్యాట్ కట్టాలి. కంపెనీ కాదు, మనమే కట్టుకోవాలి. బీమా తీసుకోకపోతే 400 దిర్హాముల జరిమానా.

వరుసగా 12 నెలలు కట్టి ఉండి, మీ తప్పు లేకుండా కంపెనీ తీసేస్తే, బేసిక్‌లో 60 శాతం చొప్పున మూడు నెలల వరకు ఇస్తారు. ఓవర్‌టైం, ఫుడ్ అలవెన్సు లెక్కలోకి రావు. చేతికి 1,500 వస్తున్నా కాంట్రాక్టులో బేసిక్ 1,000 అని ఉంటే నెలకు దక్కేది 600 మాత్రమే. మీ కాంట్రాక్టు ఒకసారి తీసి చూసుకోండి.

రాజీనామా చేస్తే ఏమీ రాదు. కాబట్టి "క్యాన్సిల్ కాగితమే, సంతకం పెట్టు" అని తొందరపెడితే, అందులో కారణం ఏం రాశారో తెలిసినవాళ్లతో చదివించుకున్నాకే పెట్టండి. పని పోయిన 30 రోజుల్లోపు క్లెయిమ్ వేయాలి. దేశం వదిలి వెళ్లినా, కొత్త పనిలో చేరినా డబ్బు ఆగిపోతుంది. టికెట్ చేతికి రాగానే విమానం ఎక్కేసేవాళ్లు ఇక్కడే నష్టపోతారు.

సొంతంగా పని చేసుకునేవాళ్ల సంగతి వేరు. సొంత లైసెన్సు మీద వ్యాపారం నడుపుకునేవారు ఈ పథకంలో లేరు. ఆజాద్ వీసా వాళ్లది ఇంకా చిక్కు. కాగితం మీద కఫీల్ దగ్గర ఉద్యోగి. నిజానికి టైల్స్ పనో, పెయింటింగో తనే వెతుక్కుంటాడు. ఐదు దిర్హాములు కడుతున్నా, రెండు నెలలు పని దొరకకపోతే బీమా రాదు, ఎందుకంటే కఫీల్ అతన్ని తీసేయలేదు కదా! పైగా పర్మిట్ లేకుండా వేరేచోట పనిచేయడం ఇక్కడ నేరం. వీసాకి ఏజెంటు అడిగే డబ్బు లెక్కేసేటప్పుడు ఇదీ లెక్కేయాలి.

ఇళ్లల్లో పనిచేసే అక్కచెల్లెళ్లకు కూడా ఈ బీమా వర్తించదు. "నీకూ కట్టిస్తా" అని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. జీతం బకాయి పెట్టినా, మధ్యలో పంపించేసినా మానవ వనరుల శాఖలో ఫిర్యాదు చేసే హక్కు మాత్రం మీకుంది.

ఇండియాలో తీసుకునే ప్రవాసీ భారతీయ బీమా యోజనను దీంతో కలిపేయకండి. అందులోని 10 లక్షలు ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా ఇచ్చేవి. కంపెనీ పనిలోంచి తీసేస్తే ఇచ్చేవి కావు.

మీ కేసు దేనికిందకు వస్తుందో తెలియకపోతే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 800 46342కి ఫోన్ చేయండి. యూఏఈలో ఎక్కడినుంచైనా ఉచితం.