నవంబర్ 30 కంటే ముందే

స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్
అక్టోబర్ 4

అమ్మలూ,

మొన్న ఫోన్‌లో నువ్వడిగిన మాటకి అప్పటికప్పుడు తోచింది చెప్పేసి ఊరుకోవడం నాకు నచ్చలేదు. అందుకే రాస్తున్నాను. హ్యూస్టన్‌లో ఉన్న నీ స్నేహితురాలు అక్కడి పెరియో (చిగుళ్ళ వైద్యం) బోర్డు పరీక్షకి రాత్రింబవళ్ళు చదువుతోందనీ, నెగ్గిన తర్వాత కూడా దాన్ని నిలబెట్టుకుంటూ ఉండాలనీ చెప్పావు. "మనకి అలాంటిదేమీ లేదా పెదనాన్నా? ఏటా ఫీజు కట్టి నాలుగు గళ్ళలో టిక్కులు పెడితే అయిపోయినట్టేనా?" అని అడిగావు.

అయిపోయినట్టు కాదు. ఎందుకో చెబుతాను.

అమెరికాలో ప్రాక్టీసు చేసుకోవడానికి లైసెన్సు ఇచ్చేది ఆయా రాష్ట్రాల డెంటల్ బోర్డులు. స్పెషాలిటీ బోర్డులు వేరు. వాటిలో అన్నిటికన్నా పాతది ఆర్థోడాంటిక్స్ వాళ్ళది, 1929లో పుట్టింది. ఈ బోర్డుల పరీక్ష రాయడం ఎవరిష్టం వాళ్ళది. నెగ్గితే డిప్లొమేట్ అంటారు. రాయకపోయినా, స్పెషాలిటీ శిక్షణ పూర్తి చేసినవాళ్ళు స్పెషలిస్టులుగా పని చేసుకుంటూనే ఉంటారు. ఇక్కడ ఆస్ట్రేలియాలో పద్ధతి అది కాదు. 2010లో నేషనల్ లా వచ్చాక ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం బోర్డు పోయి, దేశమంతటికీ ఒకే డెంటల్ బోర్డు, ఒకే రిజిస్టరు వచ్చాయి. ఆ పని నడిపించేది ఆప్రా అనే సంస్థ. ఇక్కడ నిన్ను స్పెషలిస్టు చేసింది గోడకి వేలాడే నీ డాక్టరేటు పటం కాదు, ఆ రిజిస్టరులో నీ పేరు పక్కన ఉన్న ఒక్క వరుస. హెర్‌స్టన్ కాలేజీలో మూడేళ్ళు కష్టపడి తెచ్చుకున్న డిగ్రీ నీతో ఎప్పటికీ ఉంటుంది. ఆ వరుస మాత్రం ప్రతి ఏడాదీ నవంబర్ 30తో గడువు తీరిపోతుంది. రాయల్ ఆస్ట్రలేషియన్ కాలేజ్ ఆఫ్ డెంటల్ సర్జన్స్ వారి ఫెలోషిప్ ఉంది, 1965 నుంచి ఉన్న సంస్థ అది, ఓపిక ఉంటే తప్పకుండా చెయ్యి. అయితే అది గౌరవం. ఈ వరుసకి బదులు కాదు.

పరీక్ష లేదు కదా అని తేలిగ్గా అనిపించడం సహజం. నాకు మాత్రం ఇదే ఎక్కువ బరువనిపిస్తుంది. పరీక్ష పెట్టి అడిగేవాడు లేనిచోట, "నేను ఇంకా ఈ పనికి తగినదాన్నే" అని నీ అంతట నువ్వే రాతపూర్వకంగా చెబుతున్నావు. నువ్వు పెట్టే ప్రతి టిక్కూ ఒక సంతకం. దాన్ని నమ్మి నోరు తెరిచేవాళ్ళు నీ చదువు గంటల లాగ్ ఎప్పుడూ చూడరు.

ముందు 60 గంటల సంగతి. మూడేళ్ళ చక్రంలో కనీసం 60 గంటల సీపీడీ, అంటే వృత్తిలో ఉంటూ చేసే చదువు, చెయ్యాలి, అందులో 80 శాతం, అంటే 48 గంటలు, వైద్యానికో దాని వెనకున్న శాస్త్రానికో సంబంధించినవి కావాలి. క్లినిక్ నడపడం, బిల్లింగు వంటివన్నీ మిగిలిన 12లో ఇమడాలి. ఇప్పటి చక్రం 2025 డిసెంబర్ 1న మొదలైంది, 2028 నవంబర్ 30న ముగుస్తుంది. లెక్క ఇంతే. ఏడాదికి 20 గంటలంటే ఎవరికైనా సాధ్యమే. అయితే మన తెలుగు డాక్టర్లలోనే చాలామందిని చూశాను, రెండున్నరేళ్ళు ఊరుకుని, చివరి చలికాలంలో రాత్రి పూట కనబడిన ఉచిత వెబినారల్లా పెట్టుకుని, పక్కన వంట చేసుకుంటూ గంటలు పోగేస్తారు. గంటలు నిండుతాయి. చేతులకి ఏమీ రాదు.

నువ్వు ఆ దారిన పోవద్దు. మన శాస్త్రం ఎంత తొందరగా కాళ్ళ కింద నుంచి కదిలిపోతుందో మన స్పెషాలిటీలోనే చూడు. నేను అఫ్జల్‌గంజ్ డెంటల్ కాలేజీలో చదివిన రోజుల్లో చిగుళ్ళ జబ్బుకి మేం నేర్చుకున్న పేర్లు వేరు. తర్వాత 1999 వర్గీకరణ వచ్చింది. క్రానిక్, అగ్రెసివ్ అని విడదీసి, చికిత్స కూడా దాన్ని బట్టే ఆలోచించేవాళ్ళం. 2017లో అమెరికా, యూరప్ పెరియో సంస్థలు కలిసి షికాగోలో వర్క్‌షాప్ పెట్టాయి. మరుసటి ఏడాది అచ్చయిన కొత్త వర్గీకరణలో ఆ రెండు పేర్లూ పోయాయి. పెరియోడాంటైటిస్ ఒక్కటే మిగిలింది. ఎంత ముదిరిందో నాలుగు స్టేజీలు, ఎంత వేగంగా ముదురుతుందో మూడు గ్రేడ్లు. డయాబెటిస్ ఉండి హెచ్‌బీఏ1సీ 7 లేదా ఆ పైన ఉంటే, రోజుకి పది సిగరెట్లు లేదా అంతకన్నా ఎక్కువ కాలిస్తే, గ్రేడు సికి వెళ్ళిపోతుంది. ఇంప్లాంటు చుట్టూ వచ్చే జబ్బుకి కూడా వర్గీకరణలో చోటు దొరికింది అప్పుడే. 2020లో యూరప్ వాళ్ళు ఈ స్టేజీలని బట్టి పెరియోడాంటైటిస్‌కి చికిత్స మార్గదర్శకాలు తెచ్చారు. నీకిదంతా హెర్‌స్టన్‌లో ఉగ్గుపాలతో పోశారు కనుక కొత్తగా అనిపించదు. నా వయసు వాళ్ళకి అది దాదాపు ఇరవై ఏళ్ళ అలవాటు మీద దెబ్బ. ఒక శనివారం సెమినారుకి వెళ్ళి వస్తే ఆ మార్పు ఒంటబట్టలేదు. పాత రోగుల చార్టులు తీసి, ఒక్కొక్కళ్ళనీ కొత్త లెక్కలో మళ్ళీ చూసుకుంటేనే పట్టుబడింది.

ఇంకో ఇరవై ఏళ్ళకి నువ్వు నేర్చుకున్న స్టేజీలూ గ్రేడ్లూ కూడా పాతబడతాయి. ఆ రోజుకి నువ్వు సిద్ధంగా ఉండాలంటే ఇప్పటి నుంచే ఒక అలవాటు చేసుకో. కోర్సుల పట్టిక చూసి కోర్సు ఎంచుకోకు, నీ కుర్చీలో కూర్చున్నవాళ్ళని చూసి ఎంచుకో. రివ్యూకి వచ్చినప్పుడు పాకెట్ లోతు తగ్గనివాళ్ళు ఎవరు? ఎందుకు తగ్గలేదు? ఈ రెండు ప్రశ్నలకి జవాబు రాసుకుంటే, వచ్చే ఏడాది నువ్వేం నేర్చుకోవాలో అదే చెబుతుంది.

మన ఊరినే చూడు. 1992లో మహా సిన్నతంబి అనే ఆయన ఈ నేల కొన్నప్పుడు ఇక్కడున్నది చిట్టడవి. స్ప్రింగ్‌ఫీల్డ్ సెంట్రల్‌కి రైలొచ్చింది 2013లో. ఇప్పుడు ఆగస్టీన్ హైట్స్ నుంచి, రెడ్‌బ్యాంక్ ప్లెయిన్స్ నుంచి, కమీరా నుంచి నీ దగ్గరికి వచ్చేవాళ్ళలో మనవాళ్ళున్నారు, పంజాబీలున్నారు, సమోవా వాళ్ళున్నారు, పుట్టి పెరిగిన ఇప్స్‌విచ్ వాళ్ళున్నారు. మనవాళ్ళలో నడివయసు దాటినవాళ్ళకి షుగరు ఎంత మామూలో నీకు చెప్పక్కర్లేదు. షుగరు చిగుళ్ళని చెడగొడుతుంది, చెడిన చిగుళ్ళు షుగరుని అదుపులో ఉండనివ్వవు. అలాంటప్పుడు ఎక్కడో రిసార్టులో లేజర్ల మీద రెండు రోజుల కోర్సు కంటే, ఇక్కడి జీపీలతోనూ డయాబెటిస్ నర్సులతోనూ కలిసి కేసులు చర్చించే స్టడీ గ్రూపు ఒకటి నువ్వే మొదలుపెడితే నీకూ ఊరికీ మేలు. అదీ సీపీడీయే. బోర్డు ఇప్పుడు కోర్సు పెట్టేవాళ్ళకి ముద్ర వెయ్యదు, అది నీ పనికి ఉపయోగపడేదా కాదా అన్న బాధ్యత నీదే. విజయవాడ వెళ్ళినప్పుడు అక్కడో మంచి పెరియో సదస్సు జరుగుతుంటే దానికి వెళ్ళు, అదీ లెక్కకొస్తుంది. ఏం నేర్చుకున్నావో, నీ పద్ధతిలో ఏం మారిందో అదే రోజు నాలుగు వాక్యాలు రాసి, సర్టిఫికెట్‌తో కలిపి దాచు. చక్రం ముగిశాక కూడా అయిదేళ్ళు ఆ కాగితాలు ఉంచాలి. ఆడిట్‌కి ఎవరి పేరైనా రావచ్చు. వచ్చిందంటే నీ మీద అనుమానమొచ్చిందని కాదు, భయపడకు.

ఇక రెన్యువల్ ఫారంలో నువ్వు టిక్కు పెట్టే గళ్ళు. ఇన్సూరెన్స్ గడి దగ్గర ఆగి పాలసీ తీసి చదువు. క్లినిక్ వాళ్ళే చూసుకుంటారులే అనుకోవద్దు. సైనస్ లిఫ్ట్ వంటివి చేస్తున్నావు, అవి నీ పాలసీలో ఉన్నాయో లేదో చూడు. పని మానేశాక, అంతకుముందు చేసిన వాటి మీద ఎవరైనా దావా వేస్తే కాపాడే రన్-ఆఫ్ కవర్ కూడా ఉండాలి. పాలసీ ఎప్పుడైనా రద్దయితే ఏడు రోజుల్లోగా బోర్డుకి తెలియజెయ్యాలి. ఏడాది లేదా అంతకు మించి జైలు పడే నేరం కేసు ఏదైనా మన మీద పెడితే దానికీ అదే గడువు. ఇల్లు మారినా, ప్రధానంగా పని చేసే చోటు మారినా ముప్పై రోజులు.

ఆరోగ్యం గురించిన ప్రశ్న దగ్గర మన పిల్లలు చాలా మంది తడబడతారు. మణికట్టు నొప్పి ఉందనో, కాన్పు తర్వాత మనసు బాగాలేక డాక్టరు దగ్గరికి వెళ్ళాననో చెబితే పని పీకేస్తారని భయం. అమ్మలూ, బోర్డు అడిగేది నీకు జబ్బుందా అని కాదు. దాని వల్ల నీ పని చేసే సామర్థ్యం దెబ్బతింటోందా, దెబ్బతినేలా ఉందా అని. వైద్యం తీసుకుంటూ, పని జాగ్రత్తగా చేసుకుంటూ ఉన్నవాళ్ళకి దాచవలసినదేమీ లేదు. దాచుకుని, మందు మానేసి, ఎవరికీ చెప్పకుండా లోలోపల కుమిలిపోయేవాళ్ళ గురించే నా బెంగ. డెంటల్ ప్రాక్టీషనర్ సపోర్ట్ అని మనకోసమే ఒక ఉచిత సేవ ఉంది, చెప్పింది గోప్యంగా ఉంచుతారు. ఆ నంబరు ఫోన్‌లో పెట్టుకో. నీకు అక్కర్లేకపోయినా నీ పక్క కుర్చీలో ఉన్నవాళ్ళకి అక్కర్లేదని ఎవరు చెప్పగలరు?

నీ క్లినిక్ ప్రకటన చూశాను. నీ ఫొటో కింద ఇంప్లాంట్ స్పెషలిస్ట్ అని వేశారు. వెంటనే తీయించు. ఇక్కడ చట్టం గుర్తించిన దంతవైద్య స్పెషాలిటీలు 13. వాటిలో ఇంప్లాంట్లనేది లేదు, కాస్మెటిక్ అనేదీ లేదు. నువ్వు పెరియోడాంటిస్టువి, అదే వేసుకో. లేని స్పెషలిస్టు పేరు వాడుకున్నవాళ్ళకి 60,000 డాలర్ల దాకా జరిమానా, మూడేళ్ళ దాకా జైలు చట్టంలో ఉన్నాయి. ప్రకటన రాసింది మార్కెటింగు కుర్రాడే కావచ్చు, పేరు నీది. జరిమానా సంగతి అలా ఉంచు, ఆ మాట నమ్మి వచ్చే రోగికి అది అబద్ధం. నాకు అది చాలు.

గడువు సంగతి గట్టిగా చెబుతున్నాను. నవంబర్ 30 దాటితే ఆలస్య రుసుముతో డిసెంబర్ 31 దాకా వీలుంది. అదీ దాటితే రిజిస్టరులో పేరు ఉండదు, మళ్ళీ కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి, అది మంజూరయ్యేదాకా ఒక్క పన్ను కూడా ముట్టుకోకూడదు. నాకు తెలిసిన ఒక డాక్టరుకి గుర్తుచేసే మెయిళ్ళు పాత ఉద్యోగపు అడ్రసుకి పోయాయి. జనవరిలో రిసెప్షనిస్టు రిజిస్టరు చూసి చెప్పేదాకా ఆయనకి తెలియదు. బుక్కయిన రోగులందరినీ వెనక్కి పంపవలసి వచ్చింది. నీ మెయిల్ అడ్రసు ఇవాళే సరిచూసుకో. నీకు జనరల్, స్పెషలిస్టు రెండు రిజిస్ట్రేషన్లూ ఉన్నాయి కనుక రెండూ రెన్యూ అయ్యాయో లేదో రిజిస్టరులో నీ పేరు వెతికి నీ కళ్ళతో చూసుకో. మీ క్లినిక్‌లో దవడ ఆపరేషన్లు చేసే ఆయనకి ఇంకా పని ఎక్కువ. మెడికల్ బోర్డులో కూడా ఉంటారు కనుక ఆయనకి సెప్టెంబర్ 30న ఒకటి, నవంబర్ 30న ఇంకొకటి.

నాన్న ఆపరేషన్‌కి ఇండియా వెళ్ళి నెలల తరబడి ఉండాల్సి రావచ్చన్నావు. కొద్ది నెలలైతే రిజిస్ట్రేషన్ అలాగే ఉంచుకో. ఏడాదికి మించేలా ఉంటే నాన్-ప్రాక్టీసింగ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు, అప్పుడు సీపీడీ గంటల బాధ ఉండదు. అయితే ఆ రోజుల్లో ఎవరికీ వైద్యం చెయ్యకూడదు, సలహా కూడా ఇవ్వకూడదు, ఇంట్లోవాళ్ళకైనా సరే. తిరిగొచ్చేటప్పుడు ఈ మధ్యన పని చేశావా లేదా అన్న నిబంధన అడ్డొస్తుంది. అందుకని ఏళ్ళ తరబడి దూరం కావద్దు. మన రాష్ట్రం డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కూడా వదులుకోకు. అక్కడ 1948 నాటి డెంటిస్ట్స్ యాక్ట్ స్థానంలో 2023లో నేషనల్ డెంటల్ కమిషన్ చట్టం చేశారు, పద్ధతులు మారుతున్నాయి. వెళ్ళినప్పుడు కౌన్సిల్ ఆఫీసులో స్వయంగా కనుక్కుని రా.

హ్యూస్టన్ అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పు. ఆమెకి పరీక్ష పెట్టేవాళ్ళున్నారు, నీకు లేరు. కనుక ఏడాదికోసారి నీ కేసులు నాలుగు తీసుకుని, నీకంటే కఠినంగా చూసే పెరియోడాంటిస్టు ఒకరి ముందు పెట్టు. మంచివి కాదు, సరిగ్గా రానివి. ఆమె బోర్డు ముందు నిలబడినట్టే నువ్వు అక్కడ నిలబడు. అలాంటివాళ్ళు దొరక్కపోతే నేనున్నాను, నా కళ్ళింకా బాగానే పనిచేస్తున్నాయి.

వచ్చే ఆదివారం భోజనానికి వచ్చేటప్పుడు లాప్‌టాపు, పాలసీ కాగితాలు, లాగ్ తెచ్చుకో. ఫారం ఆ మధ్యాహ్నమే నింపేద్దాం.

నీ
పెదనాన్న